గిటార్ పిక్కుకి యాభై డాలర్లా?

ఆదివారం మధ్యాహ్నం రికార్డు చేస్తున్నాను. కింద కోర్టులో పిల్లలు బాస్కెట్‌బాల్ ఆడుతున్నారు, మధ్యమధ్యలో ఆ చప్పుడు వినిపిస్తే కొంచెం సర్దుకోండి.

పోయిన ఎపిసోడ్‌లో స్టీల్ తీగల గురించి చెప్పుకున్నాం కదా. అది విని టువాస్ వైపు పనిచేసే ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నెట్‌లో ఒక పిక్కు నలభై అమెరికన్ డాలర్లని చూపిస్తోంది. ప్యాకెట్టు కాదన్నా, ఒక్కటంటే ఒక్కటే. దాంతో ఫ్లాట్‌పికింగ్ బాగుపడుతుందంటున్నారు. కొనమంటావా? మా ఆవిడకి తెలిస్తే మాత్రం ఊరుకోదు" అని. ఆ చివరి మాటకి నవ్వొచ్చింది కానీ ప్రశ్న మాత్రం నవ్వి వదిలేసేది కాదు. నలభై అమెరికన్ డాలర్లంటే ఇక్కడి లెక్కలో యాభై పైమాటే, పోస్టేజీ వేరే. ఊరి లెక్కలో మూడువేల పైచిలుకు. చూస్తే గోరంత ప్లాస్టిక్ ముక్క. అడగడం న్యాయమే.

నా జవాబు ముందే చెప్పేస్తాను, తర్వాత కారణాలు చెప్పుకుందాం. ఆ డబ్బు చెవి కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. చెయ్యి అడిగితే పెట్టొచ్చు.

కొత్తగా వింటున్నవాళ్ళ కోసం ఒక్క నిమిషం. మాది పాలకొల్లు దగ్గర పల్లె. ఐటీఐలో ఫిట్టర్ ట్రేడ్ చేశాను. కుర్రతనంలో పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో రిథమ్ గిటార్ వాయించేవాణ్ణి. 2007లో సింగపూర్ వచ్చాను, అప్పుడు నా బేసిక్ రోజుకి 18 డాలర్లు. మొదటి ఐదారేళ్ళు బ్రేకర్ పట్టుకుని కాంక్రీటు పగలగొట్టడమే పని. ఇక్కడ సైట్ల మీద దాన్ని హ్యాకింగ్ అంటారు, కంప్యూటర్ వాళ్ళు అపార్థం చేసుకోకండి. ఇప్పుడు సూపర్‌వైజర్ని. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇవాళ్టి విషయంలో నా జీతానికీ పని ఉంది, నా కుడి చేతికీ పని ఉంది.

ఫ్లాట్‌పికింగ్ అంటే ఏంటో కూడా ఒక ముక్క. వేళ్ళతో కాకుండా, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్క పిక్కు పట్టుకుని, స్టీల్ తీగల గిటార్ మీద పాట స్వరాన్ని ఒక్కొక్క నోటుగా, కిందకి ఒకటి పైకి ఒకటి కొట్టుకుంటూ వేగంగా వాయించడం. అమెరికాలో ఆపలేషియన్ కొండల వైపు ఫిడేలు మీద వాయించే డాన్సు పాటల్ని గిటార్ మీదకి తెచ్చారు. ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్ళలో ముందు చెప్పాల్సింది డాక్ వాట్సన్ గురించి. నార్త్ కరోలినాలో 1923లో పుట్టాడు, పసితనంలోనే చూపు పోయింది. 1950ల్లో ఆయన ఒక డాన్సు బ్యాండులో ఎలక్ట్రిక్ గిటార్ వాయించేవాడు. ఆ బ్యాండులో ఫిడేలు వాయించేవాళ్ళు లేరు. జనం ఫిడేలు పాటలు అడుగుతారు కదా, అందుకని ఆ పాటల్ని గిటార్ మీదే పట్టేశాడు. మా పెళ్ళి ఆర్కెస్ట్రాలో క్లారినెట్ ఆయన రాకపోతే ఆ ముక్క కీబోర్డు కుర్రాడు లాగించేసేవాడు, అలాగన్నమాట. కాకపోతే ఈయన లాగించినదాంట్లోంచి ఒక సంప్రదాయమే పుట్టింది.

ఇప్పుడు పిక్కు ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చూడండి. మెట్రోనోమ్ 120 మీద పెట్టి బీటుకి నాలుగు నోట్లు వాయిస్తే నిమిషానికి 480 దెబ్బలు. మూడు నిమిషాల పాటకి 1,440. ప్రతి దెబ్బకీ తీగ పిక్కుని తిరిగి తోస్తుంది. పిక్కు వేళ్ళ మధ్య కొంచెం తిరుగుతుంది. తిరక్కుండా మనం గట్టిగా నొక్కుతాం. నొక్కేకొద్దీ మణికట్టు బిగుస్తుంది, మణికట్టు బిగిస్తే వేగం చచ్చిపోతుంది. సుత్తిని గట్టిగా బిగించి పట్టుకుని మేకు కొట్టేవాణ్ణి చూడండి, పది నిమిషాల్లో అలసిపోతాడు. పిడి సరిగ్గా ఉన్న సుత్తి అయితే చెయ్యి వదులుగానే ఉంటుంది, దెబ్బ సూటిగా పడుతుంది. ఇదీ అంతే.

సరే, సరుకు దగ్గరికి వద్దాం. ఫిట్టర్ని కాబట్టి నాకు ఇక్కడే సరదా.

పాతకాలంలో మంచి పిక్కంటే తాబేటి చిప్ప. హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు పైచిప్ప నుంచి కోసేవారు. గట్టిగా ఉంటుంది, వేలికి అంటుకున్నట్టు ఉంటుంది, తీగ మీంచి సులువుగా జారుతుంది. టోనీ రైస్ లాంటి పెద్ద ఫ్లాట్‌పికర్ చిప్ప పిక్కులే వాడేవాడు. ఆ తాబేళ్ళు అంతరించిపోయే స్థితికి వచ్చాయి, వాటి చిప్పల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటీస్ ఒప్పందం కింద ఆపేశారు. సింగపూర్ 1986లో అందులో చేరింది. మన దేశంలో కూడా 1972 వన్యప్రాణి చట్టం కింద సముద్రపు తాబేళ్ళకి రక్షణ ఉంది. అన్నట్టు, ఈ హాక్స్‌బిల్ తాబేలు అప్పుడప్పుడూ ఇక్కడి ఈస్ట్ కోస్ట్ పార్క్ ఒడ్డుకి వచ్చి గుడ్లు పెడుతుంది. మనం ఆదివారం చాప వేసుకుని పులిహోర తినే ఆ ఇసకలోనే.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, నెట్‌లో ఇప్పటికీ "పాత స్టాకు, అసలు చిప్ప" అని అమ్మేవాళ్ళుంటారు. తమ్ముళ్ళూ, వాటి జోలికి పోవద్దు. తాబేలు సంగతి అలా ఉంచండి, మనం పాసు మీద బతికేవాళ్ళం. పోస్టులో అలాంటిది పట్టుబడితే గిటార్ వాయించుకోవడానికి మనం ఈ దేశంలో ఉంటామో లేదో. దంతపు పిక్కులూ అంతే. ఏనుగు దంతం అమ్మకాన్ని సింగపూర్ 2021 సెప్టెంబరు 1 నుంచి పూర్తిగా నిషేధించింది.

చిప్పకి బదులుగా మొదట వచ్చింది సెల్యులాయిడ్. 1922లో న్యూయార్కులో లూయీజీ డాండ్రియా అనే ఆయన సెల్యులాయిడ్ రేకుల నుంచి పిక్కులు కొట్టడం మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం మామూలుగా చూసే నీటిచుక్క ఆకారానికి 351 అని నంబరు, అది వాళ్ళ కేటలాగు నంబరే. సెల్యులాయిడ్ బాగానే మోగుతుంది. కానీ స్టీల్ తీగల మీద అంచు తొందరగా అరిగి గరుకెక్కుతుంది, ఆ గరుకు ప్రతి నోటు ముందూ "స్స్" అని వినిపిస్తుంది. ఇంకో మాట, దానికి నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పాత సినిమా రీళ్ళు, పాత పింగ్‌పాంగ్ బంతులు అదే సరుకు. సిగరెట్టు తాగే చేత్తో ఆడుకోకండి.

తర్వాత నైలాన్. మెత్తగా వంగుతుంది, పాటకి వెనకాల స్ట్రమ్మింగ్ చేసుకోవడానికి హాయి. కానీ నైలాన్ తేమ పీల్చుకుంటుంది, పీల్చుకున్నకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. సింగపూర్ గాలి సంగతి మీకు చెప్పక్కర్లేదు, ఉతికిన బనీను ఫ్యాను కింద వేసినా మర్నాటికి చల్లగానే తగులుతుంది. ఫ్లాట్‌పికింగ్‌కి నైలాన్ వద్దు.

డెల్రిన్ మన ఫిట్టర్లకి చుట్టమే. బుష్‌లూ గేర్లూ చేసే ప్లాస్టిక్. డన్‌లప్ వాళ్ళ టార్టెక్స్ పిక్కులు దాంతోనే చేస్తారు, 1980ల మొదట్లో వచ్చాయి. పైన పొడిపొడిగా, సుద్ద రాసినట్టు ఉంటుంది, అందుకని చెమట చేతిలో కూడా కొంత ఆగుతుంది. ఒక్కొక్కటి డాలరుకి అటూ ఇటూ.

కేసీన్ అని ఇంకోటుంది. పాలలోని ప్రొటీను నుంచి చేస్తారు, పూర్వం చొక్కా గుండీలు కూడా దాంతో చేసేవారు. చిప్పకి దగ్గరగా మోగుతుందని దాన్ని ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. అయితే అది తేమ పీల్చి ఉబ్బుతుంది, వంకర పోతుంది, ఆరినప్పుడు పగుళ్ళిస్తుంది. డెన్వర్‌లో కూర్చున్నాయన రివ్యూ చదివి సింగపూర్‌లో కేసీన్ పిక్కు కొంటే గోడకి సున్నం బదులు మైదాపిండి పూసినట్టే. పిక్కు రివ్యూ చదివేటప్పుడు రాసినాయన ఏ ఊళ్ళో ఉన్నాడో కూడా చూడండి.

అల్టెక్స్ అనేది పాలీఈథరిమైడ్. గట్టిది, తొందరగా అరగదు. దీంట్లోనే అంచులు చెక్కి పాలిష్ చేసి ప్రైమ్‌టోన్ అని అమ్ముతారు. మూడు కలిపి ఒక ప్యాకెట్టు.

చివరికి మన తమ్ముడడిగిన నలభై డాలర్లది. అది బ్లూచిప్ అనే పిక్కు, అమెరికాలో టెన్నెసీలో తయారవుతుంది. సరుకు పాలీయిమైడ్. డ్యూపాంట్ వాళ్ళు దీన్ని వెస్పెల్ అనే పేరుతో విమానాల ఇంజన్లలో, నూనె పెట్టడానికి వీల్లేని చోట బేరింగులకీ సీళ్ళకీ చేస్తారు. వేడికి కరగదు, రాపిడికి తొందరగా అరగదు, లోహం మీద జారుతుంది. ఆ ముడిసరుకే ఖరీదు. కాబట్టి "దోపిడీ" అనే మాట నేను అనను. బేరింగుకి వాడే సరుకుని పిక్కుకి వాడాలన్న ఆలోచన వచ్చినవాడికి దండం పెట్టాలి. జర్మన్ సిల్వరు గిన్నెలో చారు కాచినా వెండిగిన్నెలో కాచినా చారు ఒకటేనా అనేది వేరే ప్రశ్న. దాని దగ్గరికే వస్తున్నాను.

ముందు మందం సంగతి. ఈ బ్లూచిప్ పిక్కుల మీద టీఏడీ 50, సీటీ 55 అని రాసుంటుంది. చాలామంది అది మోడల్ నంబరనుకుంటారు. ఆ అంకె థౌ. ఫిట్టర్ ట్రేడ్ చేసినవాడికి థౌ అంటే కొత్త కాదు, అంగుళంలో వెయ్యో వంతు. 50 థౌ అంటే 1.27 మిల్లీమీటర్లు, 55 అంటే 1.4. హాలెండులో మిషెల్ వెగెన్ అని ఒకాయన చేత్తో చేసే పిక్కులు కూడా పేరున్నవే, ఆయన అంకెలు మిల్లీమీటర్లలో ఉంటాయి. 140 అంటే 1.40. వెర్నియర్ ఉంటే కొలిచి చూసుకోండి, సరదాగా ఉంటుంది. ఆర్కెస్ట్రా నుంచి వచ్చిన మనకి 0.7 పల్చటి పిక్కు అలవాటు. ఫ్లాట్‌పికింగ్‌లో అది తీగ దగ్గర వంగి, ఆలస్యంగా వదులుతుంది. ఆ ఆలస్యం వల్ల స్పీడు పెరిగేసరికి నోట్లు ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. 1.1 నుంచి 1.5 మధ్య మొదలుపెట్టండి. మొదటి వారం చేతిలో పలక ముక్క పెట్టుకున్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటైపోతుంది.

ఇక అంచు. నన్నడిగితే అసలు డబ్బంతా అంచులోనే ఉంది. ఫ్లాట్‌పికింగ్‌లో పిక్కు తీగకి సమాంతరంగా తగలదు, కొంచెం ఏటవాలుగా తగులుతుంది. అంటే తీగకి ఆనేది మొన ఒక్కటే కాదు, మొన పక్కనున్న అంచు. కుడిచేతివాటం వాళ్ళకి ఒక వైపు అంచూ, వెనక్కి తిప్పితే దానికి ఎదురుగా ఉన్న అంచూ. ఆ రెండు అంచుల్నీ ఏటవాలుగా చెక్కి, అద్దంలా పాలిష్ చేస్తే తీగ దాని మీంచి సాఫీగా జారుతుంది. దీన్నే స్పీడ్ బెవెల్ అంటారు. ఎడమచేతివాళ్ళకి చెక్కే వైపు మారుతుంది, ఆర్డరు పెట్టేటప్పుడు చూసుకోవాలి. వర్క్‌షాపులో షాఫ్ట్ చివర ఛాంఫర్ కొట్టకుండా బేరింగు ఎక్కించి చూడండి, ఎక్కడో తట్టుకుంటుంది. ఛాంఫర్ కొట్టగానే దానంతటదే కూర్చుంటుంది. మొన గుండ్రంగా ఉంటే నాదం లావుగా, మెత్తగా వస్తుంది. కోసుగా ఉంటే సన్నగా, స్పష్టంగా వస్తుంది.

ఈ పని చేత్తో చేసుకోవచ్చండీ. 1.14 మందం టార్టెక్స్ ఒకటి తీసుకోండి, ఊదారంగులో ఉంటుంది. సన్న ఆకురాయితో రెండు అంచులూ ఏటవాలుగా తీయండి, డ్రా ఫైలింగ్ చేసినట్టు ఒక్క వైపుకే లాగాలి. తర్వాత ఎమరీ పేపరు 400, 600, 1000, దొరికితే 2000, నీళ్ళతో తడుపుతూ. చివర్లో పాత జీన్సు ప్యాంటు తొడ మీద ఐదు నిమిషాలు రుద్దండి. మొత్తం ఇరవై నిమిషాల పని. మా రూములో ఇది చూసి "అన్నయ్య పిక్కుకి సాన పడుతున్నాడు" అని నవ్వుతారు. నవ్వనీండి.

కొబ్బరిచిప్పతో కూడా చేశాను. కోనసీమకి పక్క ఊరివాణ్ణి, చెయ్యకుండా ఎలా ఉంటాను? హిందుస్తానీలో సరోద్ వాయించేవాళ్ళు వాడే జవా కొబ్బరిచిప్పదే, అదేం చిన్న సరుకు కాదు. టెక్కా మార్కెట్లో కొబ్బరికాయ కొని, పచ్చడి వాళ్ళకిచ్చి చిప్ప నేనుంచుకున్నాను. మోత చక్కగా, టంగున వచ్చింది. కానీ గిటార్ కంచు తీగల మీద రెండు వారాలకి మొన పెచ్చు ఊడిపోయింది. నెలకో కొబ్బరికాయ పెట్టుకునేవాళ్ళకి అభ్యంతరం లేదు.

ఇప్పుడు పరీక్ష సంగతి. మాది అద్దె ఫ్లాటు, ఆరుగురం ఉంటాం. 2019లో నేను ఒక బ్లూచిప్ కొనుక్కున్నాను. మన తమ్ముడి మెసేజ్ వచ్చాక అసలు తేడా ఎంతో కొలుద్దామని నాలుగు పిక్కులు పెట్టాను. ఫ్రీగా వచ్చిన సెల్యులాయిడ్ మీడియం, నేను సానపెట్టిన టార్టెక్స్, పెద్ద ముక్కోణం ప్రైమ్‌టోన్, బ్లూచిప్.

వాయించడానికి ఏ పాట? పిక్కు అనగానే మా ఊరివైపు అందరూ మాండలిన్ శ్రీనివాస్ గారి పేరే ఎత్తుతారు. 1969లో పాలకొల్లులో పుట్టారు, 1978లో గుడివాడలో మొదటి కచేరీ, 2014లో నలభై ఐదేళ్ళకే పోయారు. ఆయన గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు, పాడి వినిపించేవారు, కుర్రాడు దాన్ని తీగ మీద పట్టేవాడు. పిక్కుతో కొట్టే వాయిద్యం మీద గమకాలు పలికించిన మహానుభావుడు. ఆ గమకాల జోలికి నా చెయ్యి వెళ్ళదు. నేను నోట్టుస్వరం తీసుకున్నాను. ముత్తుస్వామి దీక్షితులు గారు మద్రాసు ప్రాంతంలో ఉన్నప్పుడు కంపెనీ వాళ్ళ బ్యాండులో ఐరిష్, స్కాటిష్, ఇంగ్లీషు మెట్లు విని, వాటికి సంస్కృత సాహిత్యం కట్టారు. శంకరాభరణం స్వరాలు, గమకాలుండవు, సూటి నోట్లు. సంగీతం మొదటి పాఠాల్లో చాలామంది పిల్లలకి "శక్తి సహిత గణపతిం" నేర్పుతారు, అది వీటిల్లోదే. చూశారా, ఐర్లండు, స్కాట్లండు నుంచి ఫిడేలు మెట్లు ఓ పక్క ఓడెక్కి ఆపలేషియన్ కొండలకి పోయి ఫ్లాట్‌పికింగ్‌కి సరుకయ్యాయి. అదే జాతి మెట్లు ఇంకో పక్క ఓడెక్కి మద్రాసొచ్చి దీక్షితులు గారి చేతిలో పడ్డాయి. గిటార్‌కి ఇంతకంటే అనువైన మన పాటలు నాకు దొరకలేదు. నేర్చుకోవాలనుకునేవాళ్ళు వీటితో మొదలుపెట్టండి, సీ మేజరు స్కేలులో మొదటి మూడు మెట్లలోనే అయిపోతుంది.

ఒకే పాట, ఒకే వేగం, నాలుగు పిక్కులతో ఫోన్‌లో రికార్డు చేశాను. మా రూమ్మేట్లు ముగ్గురికి ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. ఒకాయన తంజావూరు, వెల్డింగు సూపర్‌వైజరు. ఒక అబ్బాయి మన కరీంనగర్, డ్రాఫ్ట్స్‌మన్. ఒకాయన బర్మా, లిఫ్టు టెక్నీషియన్, ఆయన స్వయంగా గిటార్ వాయిస్తాడు. ముగ్గురూ సెల్యులాయిడ్‌ని వెంటనే పట్టేశారు, "ఇది గీస్తోంది" అని. ప్రైమ్‌టోన్‌కీ బ్లూచిప్‌కీ తేడా ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేకపోయారు. కరీంనగర్ అబ్బాయికైతే అన్నిట్లోకీ నేను సానపెట్టిన డాలరు పిక్కే నచ్చింది. సంతోషమేసింది, యాభై డాలర్ల పిక్కు పక్కనే ఉంది కాబట్టి కొంచెం గుండె కూడా చివుక్కుమంది.

చెవి లెక్క అక్కడితో తేలిపోయింది. తర్వాత చేతి లెక్క.

బ్రేకర్ మీద ఏళ్ళు గడిపినవాళ్ళకి ఇది తెలుసు. ఆ అదురు వేళ్ళలో ఉండిపోతుంది. నాకు కుడిచేతి చూపుడువేలి కొస, బొటనవేలి పక్క కొంచెం మొద్దుబారి ఉంటాయి. చన్నీళ్ళూ వేణ్ణీళ్ళూ తేడా తెలుస్తుంది కానీ, చిన్న స్క్రూ పట్టుకుంటే ఎంత గట్టిగా పట్టుకున్నానో తెలీదు. పిక్కు కూడా అంతే. జారుతోందో లేదో వేలు చెప్పదు, అందుకని మెదడు భయపడి అవసరానికి మించి నొక్కిస్తుంది. ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి ఈ బాధ ఉండదు. యూట్యూబులో రివ్యూలు చెప్పే వాళ్ళెవరూ కాంక్రీటు కొట్టి వచ్చి పిక్కు పట్టుకోరు, వాళ్ళకి ఈ సంగతి తట్టదు.

అందుకని నాలుగు రోజులు, డ్యూటీ దిగి స్నానం చేశాక, రోజుకో పిక్కుతో వాయించాను. వేలు తిమ్మిరెక్కేదాకా వాయించడం, గడియారం చూడటం. సెల్యులాయిడ్‌తో పన్నెండు నిమిషాలు. సానపెట్టిన టార్టెక్స్‌తో పద్దెనిమిది. ప్రైమ్‌టోన్ ముక్కోణంతో ముప్ఫై. బ్లూచిప్‌తో నలభై దాటింది, తిమ్మిరి రాకముందే పక్కగది ఆయన "చాలు బ్రదర్, పొద్దున్నే షిఫ్టుంది" అన్నాడు. ఒక్క మనిషి చేతి లెక్కండీ ఇది, నాలుగు రోజుల లెక్క. మీ చెయ్యి వేరే లెక్క చెప్పొచ్చు. నాకు అర్థమైనంతవరకూ కారణం రెండు. ఒకటి, ఒంటి వేడి తగిలేసరికి ఆ సరుకు కొంచెం జిగురెక్కినట్టు వేలికి అంటుకుంటుంది, నొక్కాల్సిన పని తగ్గుతుంది. రెండు, తీగ మీంచి జారడం సులువు కాబట్టి తీగ తిరిగి తోసేది తక్కువ. మొదటి గుణంలో ప్రైమ్‌టోన్ పూర్తిగా దాని సాటి రాదు కానీ పెద్ద ముక్కోణం ఆకారం వల్ల పట్టుకోవడానికి చోటు ఎక్కువ, ఆ లోటు చాలావరకూ తీరుతుంది. పైగా ముక్కోణానికి మూడు మొనలు, ఒకటి అరిగితే ఇంకోటి తిప్పుకోవచ్చు. కాపుదనం లెక్క అది.

కాబట్టి టువాస్ తమ్ముడూ, నీ చెయ్యి ఎలా ఉంది? అది ముందు చెప్పు. పొద్దుటికి వేళ్ళు తిమ్మిరిగా ఉంటున్నాయా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టంగా ఉంటోందా? అలాగైతే పిక్కు సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించు, మీ సేఫ్టీ ఆఫీసరుకి చెప్పు. అదురు పని ఇంకోళ్ళతో వంతులేసుకుని చెయ్యి. పాసు పోతుందేమోనని నోరు మూసుకుని కూర్చునేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళల్లో ఒకాయనకి ఇప్పుడు ఊళ్ళో అన్నం ముద్ద కలుపుకోవడం కూడా కష్టం. ఆయన డోలక్ బాగా వాయించేవాడు.

చెయ్యి బాగానే ఉంటే, నలభై డాలర్లు ఇప్పుడే పెట్టకు. సిటీ హాల్ ఎంఆర్‌టీ దగ్గర పెనిన్సులా షాపింగ్ సెంటర్ ఉంది కదా, కోల్‌మన్ స్ట్రీట్ మీద. లోపల గిటార్ షాపులున్నాయి. ఆదివారం మధ్యాహ్నం వెళ్ళు. "అంకుల్, ట్రై కెన్?" అని అడుగు, ఖాళీగా ఉంటే "కెన్, కెన్" అంటారు, రష్‌లో ఉంటే మొహం మాడ్చుకుంటారు, అప్పుడు ఒక టీ తాగి మళ్ళీ వెళ్ళు. టార్టెక్స్ 1.14 రెండు, ప్రైమ్‌టోన్ ముక్కోణం ప్యాకెట్టు ఒకటి తీసుకో. షాపులో ఒక్క తీగ మీద తమాషా చెయ్యకు, మూడో తీగ నుంచి ఐదో తీగకి దూకి మళ్ళీ వెనక్కి రా. పిక్కు తట్టుకునేది తీగలు మారేటప్పుడే. ఆరునెలలు వాయించు. అప్పటికీ చెయ్యి బిగుస్తోందని తెలిస్తే, అప్పుడు ఆ పెద్దది కొనుక్కో. ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు 9 శాతం జీఎస్టీ, పోస్టేజీ కలిపి చివరి అంకె చూసుకో, మొదటి అంకె చూసి కాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మీ ఆవిడకి ముందే చెప్పు. మా ఆవిడ, "పోనీలెండి, సిగరెట్లు మానేశారుగా" అంది. మీ ఇంట్లో ఏమంటారో నాకు తెలీదు.

ఒకవేళ కొంటే దాన్ని పోగొట్టుకోకు. జేబులో వెయ్యకు, ప్యాంటు వాషింగ్ మెషీన్లోకి వెళ్తుంది. నేను సైటు బ్యాడ్జీ ప్లాస్టిక్ కవరులో, కార్డు వెనకాల పెడతాను. మెళ్ళోనే ఉంటుంది కాబట్టి ఎక్కడికీ పోదు. వాయించే ముందు చేతులూ పిక్కూ సబ్బుతో కడుక్కో. సిమెంటు దుమ్ము అంచులో ఇరుక్కుంటే పాలిష్ అంతా పోతుంది, తీగలు కూడా తొందరగా చస్తాయి.

ఇంకా తేల్చుకోలేకపోతే, వచ్చే ఆదివారం మూడింటికి నేను పెనిన్సులా కింద ఉంటాను, తీగలు కొనాలి. నా నాలుగు పిక్కులూ తెస్తాను, కూర్చుని అరగంట వాయించుకో. గిటార్ మాత్రం నువ్వు తెచ్చుకో, నాది మోసుకుని ఎంఆర్‌టీ ఎక్కలేను. ఉంటానండీ.